హాల్లో వెనక సీటు

జూన్ 3, బుధవారం

పొద్దున్నే నోట్లో బ్రష్షుతో హాల్లోకి వస్తే, టీవీకి ఎదురుగా కారు వెనక సీటు ఉంది. ముగ్గురు కూర్చునే పొడుగు సీటు, మొత్తానికి మొత్తం. నల్ల తోలు, ఎర్ర దారపు కుట్లు, మధ్యలో కిందికి మడిచే చేతిబల్ల. బెల్టుల బకిల్స్ కూడా దానితోపాటే ఊడొచ్చి నాలుకల్లా వేలాడుతున్నాయి.

"ఇదేంటక్కా?" అన్నాను నురగ మింగేస్తూ.

"సోఫా," అంది అక్క వంటింట్లోంచి. "మీ బావ తెచ్చాడు. మన కారులోంచే."

కిందికి పరిగెత్తాను. సెల్లార్లో కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. వెనకభాగం అంతా ఉత్త రేకు. ఇన్నాళ్ళూ సీటు కింద దాక్కున్న ఆ రేకుని చూస్తుంటే, ఎవరో పెద్దమనిషిని చొక్కా లేకుండా చూసినట్టు సిగ్గేసింది. (ఈ పోలిక బాగుంది. దాచుకోవాలి.)

బావ నుదుటి మీద గ్రీజు. మనిషి మాత్రం వెలిగిపోతున్నాడు. "బరువు తగ్గించాలి మరదలా. ఈ ఇంజన్ ఎంత లాగుతుందో కంపెనీవాడికే తెలుసు. తెలిసి కూడా దీన్ని సంసారిని చేసి అమ్మాడు. మనం విడిపిస్తున్నాం, అంతే."

"మరి పాప పుట్టాక? వెనక సీటు లేకుండా ఎలా?"

"నాలుగు బోల్టులు. పాప వచ్చేలోపు బిగించేస్తా. సీటు ఎక్కడికి పోతుంది, హాల్లోనే ఉందిగా."

అక్కకి ఇప్పుడు ఐదో నెల. బోలెడు టైముంది.

తర్వాత బావ ఓ అట్టపెట్టె తెరిచాడు. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చింది. లోపల వెనక సీటు చోట నిలబెట్టే ఉక్కు చట్రం, దాన్ని రోల్ బార్ అంటారట. దానితో వచ్చిన కాగితం మీద ఉన్నది అచ్చంగా నేను కాలేజీలో రెండేళ్ళుగా నేర్చుకుంటున్న భాష! మొదటి వరస చదివి చెప్పగానే బావ స్పానర్ కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "పండితురాలా, నువ్వు లేకపోతే ఇదంతా నాకు ఇనుప సామానే."

కాలేజీలో ఇంతవరకు ఎవరూ నా చదువుకి దణ్ణం పెట్టలేదు.

నేటి మాట: చట్రం. పలికితేనే నాలుగు మూలలూ బిగుసుకున్నట్టుంటుంది.


జూన్ 7, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. యూనిఫాం కుట్టే ఫ్యాక్టరీలో సీజను మొదలైంది, కాన్పు దగ్గరపడే దాకా సెలవు ఇవ్వరట. "నువ్వున్నావని ధైర్యంగా ఉన్నానే. అక్కని చూసుకో. ఏదన్నా ఉంటే నాకు దాచకు," అంది.

దాచటానికి ఏముంది? అంతా బాగుంది అన్నాను.

నేటి మాట రాయటానికి తీరిక లేదు. రోల్ బార్ బోల్టులు ఏ వరసలో బిగించాలో సాఫు చేసి రాసివ్వాలి.


జూన్ 14, ఆదివారం

ఈ రోజు కుదుపుల్ని మింగే షాకర్లు మార్చారు. కొత్తవాటికి స్ప్రింగు పైనే తొడిగి ఉంటుంది, మర తిప్పినట్టు తిప్పితే కారు ఎత్తు తగ్గుతుంది, పెరుగుతుంది. బావ, అతని స్నేహితుడు టర్బో కలిసి పని చేశారు, నేను చదివాను. టర్బో జిరాక్స్ మిషన్లు రిపేరు చేస్తాడు. ఒకసారి మాట్లాడటం మొదలెడితే ఆగడు కాబట్టి ఆ పేరు.

"ఇంకో రెండు చుట్లు దించరా, రోడ్డుని ముద్దు పెట్టుకోవాలి," అంటాడు టర్బో.

"తయారీదారు సూచించిన కనిష్ఠ పరిమితిని మించి దించరాదు," అని చదివాను నేను.

"అమ్మో, పంతులమ్మ! ఆ 'రాదు' వింటేనే బడి గుర్తొస్తోంది. కొంచెం మెత్తగా అనువాదం చెయ్యి తల్లీ."

"దించకపోతే మంచిది," అన్నాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. రెండు చుట్లూ దించారు.

నాకూ నవ్వొచ్చింది. ఒకే హెచ్చరికని ఎన్ని మెత్తదనాలతో చెప్పొచ్చో! ఇది ఏ క్లాసులోనూ చెప్పరు.

బావ కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అద్దాన్ని పక్కన పడేసి ఇంకోటి మొదలుపెడతాడట. కారు దగ్గరా అంతే. నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి మళ్ళీ మళ్ళీ కొలిచాడు. ఒక మనిషి ఒక వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టటం చూస్తుంటే మనకీ ఏదో ఒక దాని మీద అంత శ్రద్ధ పుట్టాలనిపిస్తుంది.

సాయంత్రం మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు కడుపు గీసుకుంది. బాల్కనీలోంచి అక్క కేకేసింది. "మీ ఇద్దరికీ ఒకటే తిప్పలు. వంగలేరు!" అంటూ తన పొట్ట తనే పట్టుకుని నవ్వింది.


జూన్ 20, శనివారం

అక్క ఆ వెనక సీటులోనే కాపురం పెట్టేసింది. మందుల షాపులో రోజంతా నిలబడి పాదాలు వాస్తున్నాయని ఈ వారం నుంచి సెలవు పెట్టింది. మంచం కంటే సీటే హాయిగా ఉందట, నడుముకి సరిగ్గా ఆనుతోందట. చేతిబల్ల కిందికి మడిస్తే అందులో రెండు గుంటలున్నాయి. ఒకదాంట్లో టీ గ్లాసు, రెండోదాంట్లో దువ్వెన. కాళ్ళు చాపుకుని పడుకుని సీరియల్ చూస్తుంది.

ఈ రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి పొట్ట కిందుగా చున్నీ చుట్టి, దాని కొసలు బకిల్‌లో ఇరికించుకుని బుద్ధిగా కూర్చుంది.

"ఏంటే ఈ వేషం?"

"బెల్టు పెట్టుకున్నా. డ్రైవరు కింద ఉన్నాడు. ఎప్పుడు బయల్దేరతాడో తెలీదు, మనం రెడీగా ఉండాలి కదా."

తెగ నవ్వుకున్నాం. నేను పక్కన కూర్చున్నాను. అక్క నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల్నుంచి చిన్న పోటు.

"నడిపేవాడు లేకపోయినా వీడు మాత్రం కదులుతున్నాడే," అంది అక్క.

నేటి మాట: ఆనుకోవటం.


జూన్ 23, మంగళవారం

సైలెన్సర్ వచ్చింది. బిగించాక సెల్లార్లో స్టార్ట్ చేస్తే మూడో అంతస్తులో గిన్నెలు మోగాయి. కింది ఇంటి రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు వచ్చి, "బాబూ, ఇది లోపం సరిచేయించాకా, సరిచేయించకముందా?" అని అడిగాడు.


జులై 4, శనివారం

ముందు సీట్లు కూడా పైకి వచ్చేశాయి. రెండిటినీ గోడవారగా పెట్టి దుప్పటి కప్పాం. ఇప్పుడు హాల్లో ఐదుగురు కూర్చోవచ్చు, కారులో ఇద్దరు.

కొత్తవి బకెట్ సీట్లు. పేరుకి తగ్గట్టు బకెట్‌లో కూర్చున్నట్టే, తొడల రెండు వైపులా ఎత్తు గోడలు. బెల్టు కూడా మామూలుది కాదు. పాత బెల్టు బకిల్ పాత సీటుకే ఉండిపోయింది. ఇప్పుడు నాలుగు పట్టీలు, రెండు భుజాల మీంచి, రెండు నడుముకి, నాలుగూ సరిగ్గా కడుపు మీద కలుస్తాయి.

బావ తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. మనిషి బొమ్మ, ముందు గుండ్రటి బుడగ. ఎయిర్‌బ్యాగ్ లైటు. పాత సీట్ల పక్కల్లో ఎయిర్‌బ్యాగులు ఉండేవట. సీటుతోపాటే అవీ హాల్లోకి వచ్చేశాయి. కారు వాటికోసం వెతుక్కుంటోంది.

"దీనికీ మందుంది," అని బావ చిన్న కవర్ చింపాడు. లోపల రెండు కాళ్ళున్న పురుగులాంటివి, గోరంత కూడా లేవు. రెసిస్టర్లు. సీటు కింద పసుపు ప్లగ్గులో గుచ్చితే, అటువైపు ఎయిర్‌బ్యాగ్ ఉందని కారు అనుకుంటుంది.

కాగితం చదివాను. "ఈ పరికరం దీపాన్ని మాత్రమే ఆపును. సంచి చేయు పనిని చేయదు. పోటీ మైదానాలకు మాత్రమే."

"తెలుసులే," అన్నాడు బావ. "వాళ్ళ భయం కొద్దీ రాస్తారు. నువ్వు గుచ్చు, నీ చేతులు సన్నగా ఉంటాయి."

గుచ్చాను. మళ్ళీ తాళం తిప్పాడు. లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. బావ నా అరచేతికి తన అరచెయ్యి చరిచాడు. ఏదో పరీక్ష పాసైనట్టు ఒళ్ళు పొంగింది.

పైకొచ్చాక అక్క అడిగింది. "పొద్దున ఏదో ఎర్ర లైటు గురించి మాట్లాడుకుంటున్నారు. కారు బాగానే ఉందా? నేనెక్కొచ్చా?"

"లైటు వెలగట్లేదక్కా ఇప్పుడు," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పుడు మళ్ళీ చదువుకున్నా లేదు.


జులై 5, ఆదివారం

అమ్మ ఫోన్. "అక్క గొంతు నీరసంగా ఉందేంటి?"

"ఎండలకమ్మా."

"అతను పట్టించుకుంటున్నాడా?"

"బావ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడమ్మా. ఎక్కడికీ పోడు."

సెల్లార్ కూడా ఇల్లే కదా.


జులై 12, ఆదివారం

అక్కని నిన్న డాక్టరు దగ్గరికి బావే కారులో తీసుకెళ్ళాడు. నాకు చోటు లేదు, బస్సులో వెళ్ళాను. నేను చేరేసరికి అక్క ఇంకా సీట్లోనే ఉంది. బకెట్‌లోంచి లేవలేకపోయింది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. బావ ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో తలుపు గీసుకోకుండా అడ్డం పెట్టాడు.

"నన్ను పట్టుకోండి, తలుపుని కాదు," అంది అక్క. నవ్వుతూనే అంది.


జులై 19, ఆదివారం

ఈ రోజు ఎంత బాగా గడిచిందో! బావ మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "మరదలా, నీ భాషకి ఒక పరీక్ష. హాల్లో ఉన్న ఆ సీట్ల మీద నాలుగు వాక్యాలు రాయి. చదివినవాడు చూడకుండానే కావాలనుకోవాలి. రాయగలవా?"

"దేనికి?"

"ఊరికే. ఎప్పుడు చూసినా వాళ్ళ కాగితాలు మనభాషలోకి మార్చడమేనా? నీ సొంతం ఏదన్నా చూద్దామని."

ఎవరూ నన్ను సొంతంగా ఏదన్నా రాయమని అడగలేదు ఇంతవరకు. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు సీట్లని తడిగుడ్డతో తుడిచి, దుప్పటి తీసి, కిటికీ వెలుగులో చుట్టూ తిరిగి చూశాను. కొలత కోసం ఫోటోలు కూడా తీయమన్నాడు, తీశాను. తర్వాత మూడు గంటలు కూర్చున్నాను. కొట్టేసి, రాసి, కొట్టేసి. చివరికి వచ్చింది ఇది:

"నల్లని తోలు, చిక్కని ఎర్రని కుట్టు. ఒక చిన్న కుటుంబం మెల్లగా, మర్యాదగా వాడుకున్న సీట్లు. వీటి మీద పిల్లల కాలిమరక ఇంకా పడలేదు. కూర్చుంటే, ఇంటి నుంచి దూరంగా వెళ్తున్నా ఇంట్లోనే ఉన్నట్టుంటుంది."

బావ రెండుసార్లు చదివాడు. నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

"ఇంకా" అన్న మాట దగ్గర చాలాసేపు ఆలోచించాను. "పిల్లల కాలిమరక పడలేదు" అంటే వట్టి శుభ్రం. "ఇంకా పడలేదు" అంటే అందులో పాప వస్తుంది. ఒక్క మాటకి ఎంత శక్తి!

నేటి మాట: ఇంకా.


జులై 21, మంగళవారం

బావ ఒక కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ ఏదో ఫోన్లో టైపు చేస్తున్నాడు. అడిగితే పార్టుల సంగతి అన్నాడు.


జులై 30, గురువారం

ఏం రాయాలో తెలీడం లేదు. జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం బావ అక్కని తిప్పి తీసుకొస్తానన్నాడు, ఇంట్లో పడి ఉంటే దిగులు పెరుగుతుందని. అక్క ముచ్చటపడింది. జడ మళ్ళీ వేసుకుంది. నాలుగు పట్టీల బెల్టులో నడుము పట్టీ పొట్ట కింద బిగించాలి. బిగిస్తే నొప్పి. అందుకని వదులుగా వదిలేశారు.

పెద్ద రోడ్డు మలుపులో ఎవరో సైకిలు అడ్డంగా తిప్పాడు. బావ బ్రేకు వేశాడు. కొత్త బ్రేకులు. ఆగమంటే ఆగుతాయి, అందుకే తెప్పించాడు. కారు ఆగింది. అక్క ఆగలేదు. వదులు పట్టీ కిందనుంచి ముందుకి జారిపోయింది. మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి, పట్టీ పైకి ఎగబాకి పొట్టని నొక్కింది.

డాక్టరు స్కాన్ చేసి పాప బాగానే ఉంది అంది. వచ్చే శుక్రవారం మళ్ళీ రమ్మంది, ఈలోపు కదలిక తగ్గినా, నొప్పి వచ్చినా వెంటనే రావాలంది.

ఇదంతా అక్క చెప్పింది. అక్క చెప్పనిది నేను చూశాను. ఆసుపత్రి నుంచి ఇద్దరూ తిరిగొచ్చినప్పుడు బాల్కనీలో ఉన్నాను. కారు ఆగింది. బావ దిగి ముందుకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని బంపర్ కింద పెదవిలా కొత్తగా బిగించిన కార్బన్ ఫైబర్ పలకని తడిమాడు. బ్రేకు వేసినప్పుడు ముక్కు కిందికి వంగి రోడ్డుకి గీసుకుంది మరి. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలు పెట్టి చూశాడు. తర్వాత లేచి అక్క వైపు తలుపు తీశాడు.

కంగారులో ఎవరైనా ఏదో ఒకటి ముందు చూస్తారు.

చూస్తారు. ముందు ఏదో ఒకటి.


జులై 31, శుక్రవారం

అక్క రోజంతా వెనక సీట్లో పడుకుంది. మోకాళ్ళు కమిలిపోయాయి. సీరియల్ పెట్టమంటే వద్దంది.


ఆగస్టు 2, ఆదివారం

అమ్మ ఫోన్. అక్క నిద్రపోతోంది అన్నాను. నిజంగానే కళ్ళు మూసుకుని ఉంది.


ఆగస్టు 4, మంగళవారం

మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే టర్బో, వెనకాల ఒక కొత్తమనిషి, చేతిలో తాళ్ళు. బావ షాపులో ఉన్నాడు.

"వదినా," అన్నాడు టర్బో, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, "కాస్త లేస్తారా?"

అక్క సీటు మీద పడుకుని ఉంది. "ఎందుకు?" అంది లేవకుండానే.

"వాడు... వాడు మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కొత్తమనిషి కారు కూడా ఇదే మోడల్ అట. వానకి నీళ్ళొచ్చి లోపలంతా పాడైందట. సీట్లు అతనికి, అతని దగ్గరున్న స్టీరింగు చక్రం బావకి. విదేశం నుంచి తెప్పించినది, నొక్కితే ఊడి చేతికి వచ్చేది. ఇచ్చిపుచ్చుకోవడం మాట్లాడేసుకున్నారు.

అక్క మెల్లగా లేచింది. టీ గ్లాసు తీసింది, దువ్వెన తీసింది, చున్నీ మడిచింది. చేతిబల్లని పైకి లేపి సీటులోకి నొక్కి, అరచేత్తో ఒకసారి తుడిచింది.

కొత్తమనిషి సంబరంగా ఫోన్ తీశాడు. మంచివాడిలా ఉన్నాడు, పాపం. "మా ఆవిడే చూసిందండీ ఈ ప్రకటన. ఎన్ని సీట్లు చూశామో! ఇది చదివాక ఇంకొకటి చూడనివ్వలేదు. వినండి. 'ఒక చిన్న కుటుంబం మెల్లగా, మర్యాదగా వాడుకున్న సీట్లు. వీటి మీద పిల్లల కాలిమరక ఇంకా పడలేదు.' ఎంత బాగుందండీ! మీరే రాశారా?"

అక్క నా వైపు చూసింది. నేను గోడవైపు చూశాను. మూడు గంటలు కొట్టేసి రాసి కొట్టేసినవి ఒక పరాయి మనిషి నోట్లో ఎంత తేలిగ్గా దొర్లాయో.

సీట్లు మెట్ల మీదుగా దింపుతుంటే ఒక బకిల్ గోడకి కొట్టుకుంటూ, కొట్టుకుంటూ కిందికి పోయింది. వాళ్ళు వెళ్ళాక అక్క నేల మీద చాప వేసుకుని కూర్చుంది.

"బాగా రాశావే," అంది. "వింటుంటే నాకే కొనుక్కోవాలనిపించింది."

తిట్టినా బాగుండేది.


ఆగస్టు 5, బుధవారం

బావతో గొడవ పడ్డాను. గొడవ అనడానికి లేదు. అతను నవ్వుతూనే ఉన్నాడు.

"నాకు పరీక్ష అన్నావ్!"

"పరీక్షే. పాసయ్యావ్. పెట్టిన పూటే ఫోన్లు మొదలు. టర్బోగాడు రాసింది నెలన్నర పెట్టినా ఒక్కడూ పలకలేదు తెలుసా? నీ మాటకి అంత బలముంది మరదలా."

నెలన్నర. అంటే బోల్టులు విప్పిన రోజు నుంచే అమ్మాలనుకున్నాడు.

ఇంకో సంగతి రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాయాలి. "నీ మాటకి బలముంది" అన్నప్పుడు, ఒక్క క్షణం, ఆ గొడవ మధ్యలోనే, నాకు సంతోషం వేసింది.

"పాపకి సీటు?" అన్నాను.

"అంతకన్నా మంచిది తెప్పిస్తా. తేలికది. పార్సిల్ రావడమే ఆలస్యం."

"అక్కని అడిగావా?"

అప్పుడు మాత్రం నవ్వు ఆపాడు. "మీ అక్కకి ఏం తక్కువ చేశాను? తాగుతానా? తిరుగుతానా? ఒక్క ఇష్టం, ఈ ఇంట్లో నాకంటూ ఒకే ఒక్క ఇష్టం. అదీ మీకు కంట్లో నలుసైతే చెప్పండి, తుక్కు కింద వేసేస్తా."

నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు అర్థం కానిది. అబద్ధమైతే పట్టుకోవచ్చు.

కొత్త స్టీరింగుని రాత్రిళ్ళు కారులో ఉంచడట, ఎవరైనా ఎత్తుకుపోతారని. హాల్లో సీటు ఉన్నచోట గోడ మీంచి, అక్క డాక్టరు తేదీలు రాసుకునే క్యాలెండర్ తీసి ఆ మేకుకి తగిలించాడు. క్యాలెండర్ ఫ్రిజ్ మీద ఉంది.


ఆగస్టు 6, గురువారం

నేటి మాట లేదు.

రేపు స్కాన్. అద్దె కారు పిలుద్దామని పొద్దున్నే అక్కతో అన్నాను. బావ విన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. "నేనే తీసుకెళ్తాను. నెమ్మదిగా, అస్సలు కుదుపు లేకుండా. పట్టీ కింద దిండు పెడతాను. మొన్నటి తప్పు నాది, నన్ను దిద్దుకోనీ."

అక్క చాలాసేపు చాప అంచు లాగుతూ కూర్చుంది. నేను పక్కకి లాక్కెళ్ళి అడిగాను. "నిజంగా ఎక్కుతావా అందులో?"

"ఎక్కకపోతే రేపట్నుంచి ఈ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారే? నాకు ఓపిక లేదు." తర్వాత అంది, "అయినా కారుకి ఏం లేదుగా. బెల్టు నేను వదులు చేసుకోబట్టే అలా అయింది. అప్పుడే అడిగాను కదా నిన్ను. లైటు వెలగట్లేదన్నావు. ఆ కాగితాలన్నీ చదివింది నువ్వేగా, నీకు తెలీదా?"

అప్పుడే చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "అది కాదక్కా, సాంకేతికంగా చూస్తే," అని మొదలైంది వాక్యం. ఎంత అందంగా మొదలైందో! దాని చివర్లో అక్కకి కోపం రాకుండా, నాకు తప్పు తగలకుండా, బావ మాట పోకుండా ఎక్కడ ఆపాలో కూడా అప్పటికే కనబడుతోంది. మూసేశాను నోరు.

"ఏంటి?" అంది అక్క.

"ఏం లేదు."

సాయంత్రం ఈ డైరీ మొదటి నుంచి చదివాను. చట్రం. ఆనుకోవటం. ఇంకా. పసుపు ప్లగ్గు సంగతి రాసిన పేజీలో "ఒళ్ళు పొంగింది" అని ఉంది. చేతిరాత ఎంత ముద్దుగా ఉందో అక్కడ. "లైటు వెలగట్లేదక్కా" అన్నచోట ఒక్క కొట్టివేత లేదు.

అమ్మకి ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. ముందు అక్కకి. తర్వాత అమ్మకి. నోటితో కాదు. నోటితో మొదలుపెడితే నేను మళ్ళీ మంచి మాట కోసం వెతుకుతాను.

రేపు పొద్దున్న బావ స్నానానికి వెళ్ళగానే మేకు మీంచి స్టీరింగు తీసి నా మంచం కింద పెడతాను. తాళం తీసుకుని కిందికి దిగుతాను. ఎడమ సీటు కింద పసుపు ప్లగ్గు ఎక్కడుందో చూడకుండానే నా వేళ్ళకి తెలుసు. రెసిస్టర్ లాగేస్తాను. తాళం తిప్పి, ఎర్ర లైటు వెలిగి, ఆరకుండా ఉండే దాకా చూస్తాను. అప్పుడు పైకొచ్చి అక్క చెయ్యి పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దింపి, కారు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ లైటు చూపిస్తాను. ఆ పురుగుముక్కని తన అరచేతిలో పెడతాను. ఏంటిదని అడుగుతుంది. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్తాను, కాగితంలో ఉన్నది ఉన్నట్టు. అద్దె కారుకి ఏడుంపావుకి రమ్మని చెప్పాను. వెనక సీటు ఉందా అని అడిగాను. డ్రైవరు నవ్వాడు, వెనక సీటు లేని కారు ఉంటుందామ్మా అని.